చుట్టాలింట నాలుగు రోజుల సెలవు



"ఈసారి సెలవులకి ఏ ఊరు వెళ్తున్నారండీ?" అని మన ఇరుగుపొరుగు ఆడవాళ్ళని అడిగి చూడండి. జవాబులో ఊరి పేరు ఉండదు, మనిషి ఉంటారు. "మా ఆడపడుచుగారింటికి" అంటారు. "మా మరిదిగారి దగ్గరికి" అంటారు. "మావారి మేనత్తగారు ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నారు" అంటారు. ఊటీలూ కాశ్మీరాలూ వెళ్ళేవాళ్ళు లేరని కాదు. కాని మన మధ్యతరగతి సంసారాల్లో ఊరు చూడటమూ చుట్టాల్ని చూడటమూ రెండు వేరు వేరు పనులు కావు. పట్నం చూడాలంటే ఆ పట్నంలో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. హోటలు ఖర్చు కలిసొస్తుంది, అయినవాళ్ళని పలకరించినట్టూ ఉంటుంది. పైగా ఊళ్ళో సొంతవాళ్ళుండగా హోటల్లో దిగితే ఆ తరువాత ఎన్నేళ్ళు మాట పడాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇది మంచి అలవాటే. మానుకోమని చెప్పడానికి నేను రాలేదు. ఆ నాలుగు రోజుల సెలవు ఎవరికి సెలవు అవుతోంది, ఎవరికి కావడం లేదు అన్నది మీతో కలిసి ఒకసారి లెక్క చూసుకుందామని వచ్చాను.

భార్యాభర్తలిద్దరూ పెట్టె సర్దుకుని చుట్టాలింటికి బయలుదేరారనుకోండి. ఆయనకి ఆఫీసు లేదు, పై అధికారి లేడు. వెళ్ళిన చోట అక్కగారో తమ్ముడుగారో ఉంటారు, పాత కబుర్లుంటాయి, వేళకి కంచం ముందుకొస్తుంది. ఆయనకది నిజంగా సెలవే. మరి ఆవిడకి? ఈ వంటింట్లోంచి ఆ వంటింట్లోకి బదిలీ అయిందంతే. మన వంటింట్లో అయితే చీకట్లో చెయ్యి చాచినా పోపుల డబ్బా అందుతుంది. అక్కడ అదీ తెలీదు. కూర్చుంటే "చూశావా, కాలు కదపదు" అంటారేమోనని భయం, లేస్తే "అయ్యో, నువ్వెందుకు" అని మొహమాటం. ఇక మూడో మనిషి ఆ ఇంటి ఇల్లాలు. ఆవిడకి పని రెండింతలవుతుంది, నిద్ర సగమవుతుంది. సెలవన్న మాటే ఆవిడ గుమ్మంలోకి రాదు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టినట్టు అని మన పెద్దవాళ్ళు సామెత ఊరికే చెప్పలేదు. ఆ సామెత పుట్టింది వంటింట్లోనే అయి ఉంటుందని నా అనుమానం.

మావారూ నేనూ 2025 ఫిబ్రవరిలో బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాం. మావారి అక్కగారు, అంటే నాకు వదినగారు, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంటారు. రెండు పడకగదుల ఇల్లు. అన్నయ్యగారు రిటైరయ్యారు, అబ్బాయి పూనాలో ఉద్యోగం, అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. మా అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు. మా అత్తగారు ఆ వారం మా మరిదిగారింట్లో ఉన్నారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో, పెళ్ళిళ్ళకీ కర్మకాండలకీ తప్ప, మేమిద్దరమే కలిసి బండెక్కడం అదే మొదలు. అక్కడ జరిగిందంతా చెప్పను గాని, మీకు పనికొస్తాయనుకున్న నాలుగు సంగతులు చెప్తాను.

మొదటిది ఫోను సంగతి. మగవాళ్ళు మగవాళ్ళకి ఫోను చేసుకుంటే "వస్తున్నాం", "రండి రండి" తో అయిపోతుంది. ఆ ఇంట్లో పరిస్థితి ఏమిటో ఆ ఇల్లాలికి తెలుసు, ఆవిడని అడగాలి. నేను వదినగారికే చేశాను. "గురువారం మధ్యాహ్నానికి వచ్చి ఆదివారం సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోదామనుకుంటున్నాం వదినగారూ. అమ్మాయి చదువుకి అడ్డమైతే చెప్పండి, ఎండాకాలంలో వస్తాం" అన్నాను.

"భలేదానివే అమ్మాయ్! నా తమ్ముడు నా ఇంటికి రావడానికి ముహూర్తాలు చూడాలా?" అన్నారావిడ. ఒక్క క్షణం ఆగి, "శుక్రవారం మాత్రం దానికి ప్రాక్టికల్ పరీక్ష. ముందూ వెనకా కాస్త ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి" అన్నారు.

చూశారా! తేదీలు చెప్పబట్టి ఆ మాట బయటికొచ్చింది. "ఎప్పుడో వస్తాం, వీలైనన్నాళ్ళు ఉంటాం" అని ఉంటే, పాపం, ఆవిడ ఆ మాట నోట్లోనే దాచుకునేది. వచ్చే రోజు చెప్పడం సగమే. వెళ్ళే రోజు కూడా చెబితేనే ఎదుటి ఇల్లాలు పాలు ఎన్ని ప్యాకెట్లు వేయించుకోవాలో, ఎవర్ని ఎక్కడ పడుకోబెట్టాలో, తన మిగతా పనులు ఏ రోజుకి జరుపుకోవాలో చూసుకోగలదు.

రెండోది తీసుకెళ్ళే సామాను. చుట్టాలింటికి వట్టి చేతులతో వెళ్ళం. అయితే మనం తీసుకెళ్ళేది ఆ ఇంట్లో పని తగ్గించాలి గాని పెంచకూడదు. సంచీడు పచ్చి గోంగూర మోసుకెళ్ళి ఇస్తే దాన్ని ఒలిచేదెవరు? అదే గోంగూర నూరి పచ్చడి చేసి సీసాలో పట్టుకెళితే ఒక పూట కూర తప్పుతుంది. నేను గోంగూర పచ్చడి, కందిపొడి, చింతకాయ తొక్కు, ఒక డబ్బా సున్నుండలు పట్టుకెళ్ళాను. వాటితోపాటు రెండు దుప్పట్లు, మా తువ్వాళ్ళు కూడా పెట్టెలో పెట్టాను. మావారు నవ్వారు, "మా అక్క ఇంట్లో దుప్పట్లుండవా?" అని. ఉంటాయి. వాటిని ఉతికే నీళ్ళు ఉండొద్దూ? వాళ్ళ వీధిలో మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఇంటికి మరో ఇద్దరు వస్తే ముందు తెలిసేది నీళ్ళ డ్రమ్ముకే.

మూడోది వంటింటి సంగతి. ఇదే అన్నిటికన్నా చిక్కు. "ఏం చెయ్యమంటారు వదినగారూ?" అని రోజుకి పదిసార్లు అడగడం మర్యాదే గాని సాయం కాదు. అలా అడిగితే ఎవరైనా "ఏమీ లేదు, నువ్వు కూర్చో" అనే అంటారు. ఒక పని ఎంచుకుని, "ఇది నాది" అని చెప్పేయాలి. నేను వెళ్ళిన సాయంత్రమే చెప్పాను. "పొద్దుటి కాఫీ, టిఫిను నావి. మీరు లేవద్దు." "నా ఇంట్లో నన్ను పడుకోమంటున్నావా!" అని నవ్వేశారు. శుక్రవారం అయిదింటికల్లా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, నాకు గరిటె దొరికిందో లేదో అని. శనివారం ఆరింటికి వచ్చారు. ఆదివారం ఏడైంది. కాఫీ గ్లాసు చేతికిస్తే వెంటనే తాగకుండా రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చుని, "ఒకళ్ళు కలిపి ఇచ్చిన కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో" అన్నారు. ఆ మాట విన్నాక నాకు హైదరాబాదు చూసినంత తృప్తి అయింది.

మగవాళ్ళ సంగతీ చెప్పాలి. పాలు, కూరలు తేవడం మావారు తీసుకున్నారు. పక్కలు తనే చుట్టారు. మొదటి రోజు భోజనం అయ్యాక తన కంచం తను తీయబోతే, అడ్డుపడింది ఎవరనుకున్నారు? వదినగారే. "తమ్ముడు నా ఇంట్లో కంచం తీయడమేమిటి!" అని. మగవాళ్ళు పని చెయ్యరని మనం అంటూనే ఉంటాం. చెయ్యబోయినవాళ్ళ చేతుల్లోంచి కంచం లాక్కునేదీ మనమే. మావారు మాత్రం వదల్లేదు. మర్నాటికి అన్నయ్యగారి కంచం కూడా సింకు దాకా నడిచి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగోది, భార్యాభర్తలకి కాస్త ఏకాంతం. చిన్న ఇళ్ళలో చుట్టాలొస్తే ఆడవాళ్ళంతా ఒక గదిలో, మగవాళ్ళంతా హాల్లో పడుకుంటాం. పగలంతా నలుగురిలో ఉంటాం. ఇద్దరం కలిసి వెళ్ళిన మాటే గాని, ఒకరితో ఒకరు నాలుగు మాటలాడుకోకుండానే తిరిగొస్తాం. అందుకని ఒక రోజు ఇద్దరే బయటికి వెళ్ళడం ముందే అనుకోవాలి. ఇది ఇంటివాళ్ళకీ మేలే, ఆ పూట వాళ్ళ ఇల్లు వాళ్ళకి దక్కుతుంది. మాకు శుక్రవారం అలా కుదిరింది. అమ్మాయి పరీక్ష రోజు కదా, ఇల్లు వదిలేసి పొద్దున్నే బయలుదేరాం.

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, ఆ రోజు అటు వెళ్ళి లాభం లేదు. గోల్కొండ వెళ్ళాం. కాకతీయుల నాటి మట్టికోట కుతుబ్‌షాహీల చేతుల్లో పెద్ద రాతికోట అయింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు వశమైంది. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దాకా వినిపించడం అందరూ చెప్పే వింత. నాకు మాత్రం కాళ్ళు ఆగింది రామదాసు ఖైదు దగ్గర. భద్రాద్రి రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్నని తానీషా కాలంలో ఉంచిన చోటని చెప్పే ఆ చీకటి గదిలోకి వెళితే, ఆడవాళ్ళెవరూ దణ్ణం పెట్టకుండా రారు. మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నీళ్ళ సీసా పట్టుకుని, ఎండ ఎక్కకముందే నెమ్మదిగా ఎక్కండి.

సాయంత్రం టాంక్‌బండ్ మీదికి వచ్చాం. కట్ట పొడుగునా 1986లో పెట్టిన తెలుగు పెద్దల విగ్రహాలు. అంతమంది మగవాళ్ళ మధ్య రుద్రమదేవినీ మొల్లనీ వెతికి చూసుకున్నాను. ఎదురుగా నీళ్ళ మధ్యన బుద్ధుడు. 1990లో పడవ మీద తీసుకెళ్తుండగా సాగరంలో మునిగిపోయి, 1992లో పైకి లేచి నిలబడ్డ ఏకశిలా విగ్రహం అది. అక్కడ బల్ల మీద కూర్చున్నప్పుడు మావారు ఉన్నట్టుండి అన్నారు, "అక్క వేళ్ళు చూశావా? అచ్చం అమ్మ వేళ్ళలా అయిపోయాయి."

తరువాత నెమ్మదిగా చెప్పారు. మావయ్యగారు పోయేనాటికి ఈయన ఏడో తరగతి. వదినగారు కాలేజీ మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నారట. ఈయన స్కూలు ఫీజులు, పుస్తకాలు, ఆ తరువాత కాలేజీ ఫీజు కూడా ఆ మిషను మీదే నడిచాయట. ఆ మిషను మా అత్తగారింట్లో ఇప్పటికీ ఉంది. ఇరవై రెండేళ్ళుగా నేను దాని మీద లంగాలు కుట్టుకుంటున్నాను. దాని కథ మాత్రం ఆ సాయంత్రమే విన్నాను. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే ఆయన దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, ఏదో ఒక పని ఉంటుంది. కొన్ని మాటలు బయటికి రావడానికి పనేమీ లేని గంట ఒకటి కావాలి.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక నేను వదినగారిని అడిగాను. "రేపు సాలార్‌జంగ్ చూద్దామనుకుంటున్నాం. మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు?" అని. ఆవిడ హైదరాబాదు వచ్చి ఇరవై ఆరేళ్ళు. "ఒక్కసారి కూడా చూళ్ళేదు" అన్నారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా అన్నయ్యగారు తీసుకెళ్తారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి వంట సిద్ధంగా ఉండాలి కదా. "అందరూ వచ్చి ఆ బొమ్మ గడియారం ఎంత బాగుందో చెప్పేవాళ్ళు. నేను చారు పోపు పెట్టుకుంటూ వినేదాన్ని" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు.

శనివారం ఆవిడని తీసుకెళ్ళాం. వెంటనే ఒప్పుకున్నారనుకోకండి. "వీళ్ళకి అన్నం ఎవరు పెడతారు?" అని ఆవిడే మొదట అడ్డం తిరిగారు. అన్నయ్యగారే, "కుక్కరు పెట్టడం నాకొచ్చు, కూర సందు చివర కర్రీ పాయింటులో దొరుకుతుంది, పచ్చళ్ళు బెజవాడ నుంచి వచ్చాయి, నువ్వు వెళ్ళు" అన్నారు. పట్నంలో 2017 నుంచి మెట్రో రైలు నడుస్తోంది. కాలనీ స్టేషనులో ఎక్కితే బండి మారకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర దిగవచ్చు. అక్కణ్ణుంచి ఆటోలో దగ్గరే.

సాలార్‌జంగ్ మ్యూజియం చాలామటుకు ఒక్క మనిషి సేకరణ అంటే ఆశ్చర్యం వేస్తుంది. నిజాం దగ్గర దివానుగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, పెళ్ళి చేసుకోలేదు. ఉన్న డబ్బంతా బొమ్మలకీ చిత్రాలకీ పుస్తకాలకీ పెట్టాడు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన ఉన్న భవనంలోనే మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు మా వదినగారు చాలాసేపు నిలబడ్డారు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కినది. "ముసుగూ రాయే, మొహమూ రాయే. అయినా ముసుగులోంచి మొహం కనిపిస్తోంది చూడు" అన్నారు. ఇంకొక చోట ఒకే దుంగలో రెండు వైపులా చెక్కిన కొయ్యబొమ్మ ఉంది. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగవాడు. వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న ఆడపిల్ల. అద్దం పెట్టకపోతే ఆ పిల్ల అక్కడుందని తెలియనే తెలియదు.

పన్నెండు కొట్టే వేళకి గడియారం ముందుకి చేరాం. అప్పటికే బోలెడు మంది జనం. చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికి వచ్చి పన్నెండు సార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళింది. జనం లేచి వెళ్ళిపోయారు. వదినగారు మాత్రం లేవలేదు. "ఒంటిగంటకి మళ్ళీ వస్తాడా?" అన్నారు. వస్తాడు గాని ఒక్కసారే కొడతాడన్నాను. "కొట్టనీ" అన్నారు. మావారు చేతి గడియారం చూసుకోబోయి, మానేసి, అక్క పక్కన కూర్చున్నారు. ఆ ఒక్క గంట కోసం మేం ముగ్గురం గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో అక్కా తమ్ముడూ ఏమేం మాట్లాడుకున్నారో నేను పట్టించుకోలేదు. కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాను.

తరువాత హోటల్లో భోంచేసి, చార్మినార్ పక్కన లాడ్ బజారులో వదినగారు తన కూతురికీ నాకూ లక్కగాజులు కొన్నారు. 1591 నాటి చార్మినార్‌ని ఆవిడ కింద నుంచే చూసి, "ఇవాళ్టికి చాలు" అన్నారు.

"అయినవాళ్ళ మధ్య ఇన్ని లెక్కలేమిటండీ, పరాయివాళ్ళలాగా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఈ లెక్కలు పరాయితనం కోసం కాదు, రాకపోకలు నిలవడం కోసం. వచ్చిన చుట్టం వెళ్ళాక ఇల్లాలు నడుం పట్టుకుని కూర్చుంటే, పైకి అనకపోయినా, రెండోసారి "రండి" అనే మాటలో మొదటిసారి ఉన్న ఊపు ఉండదు. అందుకే డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా చూసుకోవాలి. బయట తిరిగిన ఖర్చు మనది. ఇంట్లో వాడకానికి లెక్క కట్టి చేతిలో పెడితే ఆవిడ నొచ్చుకుంటుంది కాబట్టి, పాలు, కూరలు, పళ్ళు తేవడంలో ఆ లెక్క తీర్చుకోవాలి. వచ్చే ముందు మన పక్క బట్టలు మనమే మడిచి పెట్టాలి.

ఇంకొక్క మాట. తిరిగొచ్చాక ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. "ఎలా చూశారేమిటి? ఏం పెట్టారు? ఇల్లు ఎలా ఉంచుకుంది?" అని. ఆ జవాబులోనే చుట్టరికాలు నిలవడమో తెగడమో ఉంది. ఒకరింటి వంటింట్లో మసలిన మనిషికి ఆ ఇంటి సంగతులు చాలా తెలుస్తాయి. వాటిని అక్కడే గట్టు మీద వదిలేసి రావాలి. మా అత్తగారు మాత్రం "అది ఎలా ఉందే?" అని ఒక్క మాటే అడిగారు. "గడియారం చూశారు అత్తయ్యగారూ, రెండుసార్లు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

సెలవులకి చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళు హాయిగా వెళ్ళండి. చూడవలసినవి చూడండి. కాని తిరుగు బండి ఎక్కే ముందు, ఆ ఇంటి ఇల్లాలు మీతోపాటు ఒక్క పూటైనా గుమ్మం దాటి వచ్చిందా లేదా అని చూసుకోండి. రాకపోతే ఇంకొక్క పూట ఉండి మరీ తీసుకెళ్ళండి. ఆ ఒక్క పూట ఆలస్యానికి మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు.